గోల్కొండ తెల్ల వైను, దారి తెలియని చీజు



హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి వైపు పెద్ద హోటళ్లలో చీజ్ బోర్డు అని అడిగితే ఒక చెక్కపలక మీద నాలుగైదు రకాల చీజ్ ముక్కలు, గుప్పెడు బాదంపప్పు, ఎండు అంజీర్, కాసిని ద్రాక్షపళ్లు పేర్చి తెస్తారు. పక్కన గ్లాసులో వైన్. ఐటీ ఉద్యోగాలతో పాటు అమెరికా నుంచి దిగిన సరదా ఇది అనుకుంటాం. చీజ్ విషయంలో అది నిజమే. వైన్ సంగతి వేరు. అది ఒకప్పుడు ఈ చుట్టుపక్కలే తయారై, తర్వాత ఊరు విడిచిపోయి, ఇప్పుడు చుట్టంలా తిరిగొచ్చింది. ఇవాళ ఆ కథ చెబుతాను. తాగమనీ, మానమనీ చెప్పడం నా పని కాదు.

మరీ పాత సాక్ష్యం కావాలంటే నాగార్జునకొండ వెళ్లాలి. ఇక్ష్వాకుల కాలం, క్రీస్తుశకం 3, 4 శతాబ్దాలు. అక్కడి రాజప్రాసాదం చోట దొరికిన శిల్పాల్లో ఒకాయన ఉన్నాడు. ఒంటి మీద పైబట్ట లేదు, చిరుగడ్డం, చేతిలో తాగే కొమ్ము, పక్కన పీపా. గ్రీకుల వైన్ దేవుడు డయోనైసస్ అని పండితులు పోల్చుకున్నారు. బౌద్ధ విహారాల నడుమ ఈయనకేం పని అని అడగకండి. అంతకు ముందు నుంచే రోమను ఓడలు మన తీరాలకు తిరిగేవి. 1వ శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్, పడమటి రేవు భరుకచ్ఛంలో దిగే సరుకుల జాబితాలో మొట్టమొదట వైన్‌నే చెబుతుంది, అందులోనూ ఇటలీదైతే మేలంటుంది. సరుకుతో పాటు దాని దేవుడూ వచ్చాడన్నమాట.

అది దిగుమతి వైన్. ఇక్కడి వైన్‌కి సాక్షి ఫ్రెంచి యాత్రికుడు జాన్ ద థెవెనో. 1666-67లో మన దేశంలో తిరుగుతూ గోల్కొండ రాజ్యానికి వచ్చాడు. అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడి. ఇక్కడ ద్రాక్షతీగలు విస్తారంగా ఉన్నాయనీ, జనవరికే పళ్లు పండుతాయనీ, తీగ ఉత్తరం ఎండన ఉందా దక్షిణం ఎండన ఉందా అన్నదాన్ని బట్టి కొన్ని ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతకొస్తాయనీ రాశాడు. ఆ పళ్లతో తెల్ల వైన్ చేస్తారన్నాడు. కోత కాగానే తీగలు కత్తిరిస్తారని కూడా చెప్పాడు.

ద్రాక్ష పండించినవాళ్లు ఎవరైనా వింటుంటే ఈ మాట దగ్గర చెవి నిక్కబొడుచుకుంటారు. ఫ్రాన్సులో చలికాలమంతా తీగ నిద్రపోతుంది, ఏడాదికి ఒక్క కత్తిరింపు చాలు. దక్కనులో తీగకు నిద్ర లేదు. అందుకే మన రైతులు కోతయ్యాక వేసవిలో ఒకసారి, దసరా వెళ్లాక ఒకసారి, మొత్తం రెండుసార్లు కత్తిరిస్తారు. పంట చేతికొచ్చేది అదే జనవరి, ఏప్రిల్ మధ్య. మూడున్నర శతాబ్దాల కింద ఒక పరదేశి రాసిపెట్టుకున్న పంటల పట్టిక ఇవాళ మేడ్చల్ రైతుకు చదివి వినిపిస్తే తప్పు పట్టడు.

అయితే గోల్కొండ జనం తాగింది వైన్ కాదు, కల్లు. థెవెనో కంటే ముందు వచ్చిన వజ్రాల వర్తకుడు టావెర్నియే, తోలు తిత్తుల్లో కల్లు నింపుకుని రోజూ 500, 600 గుర్రాలు నగరంలోకి పరుగున వచ్చేవని రాశాడు. దాని మీద పన్ను ఖజానాకు పెద్ద రాబడి అనీ గమనించాడు. ఆబ్కారీ శాఖ చరిత్ర ఎవరైనా రాస్తే అక్కడ మొదలుపెట్టొచ్చు. తాగేదాని పక్కన తినేది ఏమిటన్న జ్ఞానం కూడా మనకు కల్లు దగ్గరే వచ్చింది. కల్లు కాంపౌండులో కూర్చున్నవాడికి ఉప్పుకారం పట్టిన గుడాలు కావాలి, లేదా వేయించిన చేపో బోటీయో కావాలి. పులుపూ నురగా ఉన్న కల్లు, నాలుక మీది కొవ్వునూ కారాన్నీ కడిగేస్తుంది. మళ్లీ ముద్ద, మళ్లీ గుటక. వైన్, చీజ్ జంటకు మూలసూత్రం ఇదే.

మరి పాడికి కొదవలేని ఈ ప్రాంతంలో చీజ్ ఎందుకు పుట్టలేదు? నాకు తోచే కారణాలు రెండు. మొదటిది ఎండ. గట్టి చీజ్ నెలల తరబడి పండాలంటే పది, పదమూడు డిగ్రీల చల్లని నేలమాళిగ ఉండాలి. మనకు మే నెలలో 40 దాటుతుంది. ఇక్కడ సాయంత్రం తోడువేసిన పాలు తెల్లారేసరికి పెరుగు. ఆ పెరుగును చిలికి, వెన్న తీసి, కాచి నెయ్యి చేస్తే నెలలు నిలవ ఉంటుంది. యూరప్ పల్లెలు పాలను దాచుకోవడానికి చీజ్ చేస్తే, మనం నెయ్యి చేశాం. రెండో కారణం రెనెట్. పాలు గట్టిగా గడ్డకట్టడానికి వాడే ఆ పదార్థాన్ని పాతకాలంలో ఎక్కువగా దూడ పొట్టలోంచి తీసేవారు. ఆవును పూజించే ఇంట్లో ఆ పని జరిగేదా? ఇప్పుడు మన కంపెనీలు సూక్ష్మజీవుల నుంచి తీసిన రెనెట్ వాడతాయి కాబట్టి ప్యాకెట్టు మీద పచ్చచుక్క ఉంటుంది. మనకున్న జున్ను ముర్రుపాల వంట. దానికీ చీజ్‌కీ చుట్టరికం లేదు.

ద్రాక్ష కథ మాత్రం ఆగలేదు. 19వ శతాబ్దం చివర్లో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన పేరు మీద హైదరాబాదులో ఒక రకం ప్రచారంలోకి వచ్చింది. అదే అనాబ్-ఎ-షాహీ. పొడవాటి పెద్ద కాయ, లేత పసుపు రంగు, గింజ ఉంటుంది, పందిరి వేస్తే విరగకాస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక నగరం చుట్టూ, ముఖ్యంగా మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు ఈ పందిళ్లు పరుచుకున్నాయి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం వెలిసింది. అనాబ్ తినే పండు, వైన్‌కి దాన్ని పెద్దగా వాడలేదు. తర్వాత గింజ లేని థామ్సన్ వచ్చి దాన్ని వెనక్కి నెట్టింది. అకాల వానలకు బూజు తెగులు, అడుగంటిన బోర్లు, ఆకాశమంటిన భూముల ధరలు కలిసి తోటల్ని తినేశాయి. పందిరి రాళ్లు పీకి వెంచర్లు వేశారు.

ఇప్పుడు 1990ల్లోకి వద్దాం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వం దాన్ని సడలించింది. మరుసటి ఏడు, 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చి వెళ్లారు. చట్టప్రకారం సీసా మూత తీయడానికి వీల్లేని ఊరు, మూడేళ్లలోనే విదేశీ క్లయింటుకు విందు ఇవ్వాల్సిన ఊరైంది. ఆ విందుల్లోనే వైన్ మళ్లీ కనిపించింది. దాని పక్కన చీజ్ మొదటిసారి కనిపించింది. ఆన్‌సైట్‌కు వెళ్లిన మన పిల్లలు అటు కాలిఫోర్నియాలో వారాంతాల్లో నాపా లోయ ద్రాక్షతోటలు చూసి వచ్చారు. అక్కడ నేర్చిన అలవాటు తిరుగు టపాలో కొండాపూర్ అపార్టుమెంట్లకు చేరింది.

ఈ వైన్ ఎవరు చేస్తున్నారో చూస్తే సాఫ్ట్‌వేర్ వాసన తగులుతుంది. నాసిక్‌లో సులా పెట్టిన రాజీవ్ సామంత్ ఒకప్పుడు సిలికాన్ వ్యాలీలో ఒరాకిల్ ఉద్యోగి. తిరిగొచ్చి సోవిన్యోన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ తీగలు నాటారు. 2000లో తొలి వైన్ బయటికొచ్చింది. మనవాళ్లలో చెప్పుకోవాల్సింది గ్రాన్యూల్స్ మందుల కంపెనీ అధిపతి చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ. ఏడు ఖండాల్లోనూ మారథాన్ పరిగెత్తిన దంపతులు. కర్ణాటకలో హంపి కొండల దగ్గర తోట వేసి, ఇద్దరి పేర్లూ కలిపి కృష్మా అని పేరు పెట్టారు. వాళ్ల కాబెర్నే సోవిన్యోన్‌కు మంచి పేరుంది. హైదరాబాదీల చేతి వైన్ కావాలంటే ఇప్పుడు దారి కర్ణాటక దాకా వెళుతుంది.

ఇక జత కుదర్చడం. ఎర్ర వైన్, చీజ్ అంటే పార్వతీపరమేశ్వరులన్నట్టు మాట్లాడతారు. నేనైతే ఒప్పుకోను. ఎర్ర వైన్‌లో ద్రాక్షతొక్క నుంచి వచ్చే టానిన్ ఉంటుంది, వగరు. చీజ్‌లోని ప్రొటీన్, కొవ్వు ఆ వగరును పట్టుకుని మెత్తబరుస్తాయి. వినడానికి బాగుంది. కానీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం పరిశోధకులు 2006లో ప్రచురించిన పరీక్షలో ఎనిమిది ఎర్ర వైన్లను ఎనిమిది చీజ్‌లతో రుచి చూపిస్తే, వగరుతో పాటు పండు వాసన, ఓక్ చెక్క వాసన కూడా తగ్గిపోయాయి. పెరిగింది వెన్న వాసన ఒక్కటే. అంటే చీజ్ మంచి వైన్‌ను మామూలు వైన్‌కి దగ్గర చేస్తుంది. కొనేటప్పుడు రొట్టెతో రుచి చూడు, అమ్మేటప్పుడు చీజ్‌తో చూపించు అని యూరప్ వర్తకులు ఊరికే అనలేదు.

ఫ్రాన్సులో పాత జంటలు చూడండి. లువార్ లోయలో మేకపాల చీజ్‌కి అదే లోయలోని పుల్లని తెల్ల వైన్. నీలి బూజు పట్టిన ఉప్పటి రాక్‌ఫోర్‌కి తీయటి సోటెర్న్. పెరుగన్నంలో మాగాయ ముక్క నంజుకునే నోటికి ఇందులో వింతేమీ లేదు. కొవ్వుకు పులుపు, ఉప్పుకు తీపి. సూపర్ మార్కెట్‌లో దొరికే అమూల్ ముక్కకైనా కాస్త తీపి తగిలే షెనిన్ బ్లాంక్ బాగా నప్పుతుంది. ఖరీదైన ఎర్ర వైన్‌ను దాని పక్కన పెట్టి పాడుచేసుకోకండి. ఎర్ర వైన్‌ను గది వేడిలో తాగాలని పుస్తకాల్లో రాసింది యూరప్ గదుల గురించి, అంటే 16, 18 డిగ్రీలు. మన గదిలో ఉంచిన సీసాను అరగంట ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు.

చీజ్ వైపు మనకు మిగిలిన అవకాశం గేదెపాలు. ఆవుపాలలో కొవ్వు నాలుగు శాతం ఉంటే గేదెపాలలో ఏడు దాకా ఉంటుంది. ఇటలీలో కంపానియా ప్రాంతం వాళ్లు ప్రపంచానికి అమ్మే మొజరెల్లా గేదెపాలదే. దానికి నేలమాళిగ అక్కర్లేదు, నెలలు పండబెట్టనక్కర్లేదు, చేసిన నాలుగు రోజుల్లో తినేయాలి. ఎండ దేశానికి సరిపోయే చీజ్ అది. అమెరికాలో ఇంటెల్ ఉద్యోగం వదిలి వచ్చి హైదరాబాదు శివార్లలో సిద్స్ ఫార్మ్ పెట్టిన కిశోర్ ఇందుకూరి మొదలుపెట్టింది పాలతోనే. రోజూ పొద్దున్నే ఈ నగరపు గుమ్మాల ముందు దిగే పాలలో గేదెపాల వాటా తక్కువేమీ కాదు. ఆ పాలతో తాజా చీజ్ చేసేవాళ్లు పెరిగితే, జతగా పెట్టాల్సింది తేలికపాటి తెల్ల వైనే. థెవెనో గోల్కొండలో చూసిందీ తెల్ల వైనే.