కుడితి తొట్టి నుండి గ్యాసు పొయ్యికి

మధ్యాహ్నము పన్నెండున్నర దాటగానే మా తునిలో పనిచేయు చోట్లన్నిటను ఒకటే సందడి. కార్యాలయములలో, కార్ఖానాలలో, మామిడికాయల కొట్లలో అందరును చేతులు కడుగుకొని భోజనమునకు కూర్చుందురు. గంటసేపటికి ఆ సందడి సద్దుమణగును. అప్పుడు వంటశాల వెనుక ఏమి మిగులును? సాంబారులో నానిన అన్నము, కూరల తొక్కలు, చారు అడుగు, చల్లారిన గంజి. అన్నము పరబ్రహ్మ స్వరూపమని చెప్పుకొను దేశము మనది. మిగిలిన ఆ అన్నమును ఏమి చేయవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

శ్రోతలలో పెద్దవారికి జ్ఞాపకముండును. పూర్వము మన పెరళ్ళలో కుడితి తొట్టి ఒకటి ఉండెడిది. బియ్యము కడిగిన నీరు, వార్చిన గంజి, కూరల తొక్కలు అందులో చేరెడివి. సాయంకాలము గేదె వచ్చి ఆ తొట్టిని ఖాళీ చేసెడిది. మిగిలిన మెతుకు పాలై, పేడయై, తిరిగి మన ఇంటికిని మన చేనికిని చేరెడిది. అన్నమును కాల్చవలెనను తలంపు ఆనాడు ఎవ్వరికిని కలుగలేదు. నేడు పనిచోట గేదె లేదు. అందుచేత నిప్పు వచ్చినది.

కొంతకాలము నేనొక పనిచోట భోజనశాల లెక్కలు చూచితిని. మిగిలిన పదార్థమును కాల్చుటకు అక్కడ ఇటుకలతో కట్టిన కొలిమి యుండెను. ఒకనాడు నెల లెక్క వ్రాయుచుండగా రెండు పద్దులు ప్రక్కప్రక్కన పడినవి. ఒకటి వంటకు తెచ్చిన గ్యాసు బండల ఖరీదు. రెండవది కొలిమికి తెచ్చిన కట్టెల ఖరీదు. అన్నము వండుటకు ఒక ఇంధనము, ఆ అన్నమునే కాల్చుటకు మరియొక ఇంధనము! రెండింటికిని సొమ్ము మాదే. పొగ మాత్రము ఇరుగుపొరుగు వారిది.

కట్టెలు ఎందుకు కావలసివచ్చినవి? పారవేయు ఆహారములో నూటికి డెబ్బది మొదలు ఎనుబది పాళ్ళు నీరే. ఒక కిలో నీటిని కాచి ఆవిరిగా మార్చుటకు సుమారు 600 కిలోకేలరీల వేడి కావలెను. నూరు కిలోల వ్యర్థములో 75 కిలోల నీరున్నదనుకొన్నచో, ఆ నీటికే 45,000 కిలోకేలరీలు వ్యయమగును. ఎండుభాగమంతయు చక్కగా కాలినను, దాని వేడిలో ఇంచుమించు సగము నీటి పాలు. తక్కినది పొగగొట్టము పాలు. తడి మెతుకు తనంత తాను అంటుకొనదు కనుక, దానికి కట్టె తోడు కావలెను. అందులో ప్లాస్టిక్ సంచులు కలిసినచో వచ్చు పొగ విషతుల్యము.

ఇది చిన్న కొలిముల బాధ మాత్రమే కాదు. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో దినమునకు 300 టన్నుల చెత్తను కాల్చి విద్యుత్తు తీయుటకై, డెన్మార్కు దేశపు యంత్రములతో పెద్ద కేంద్రమును నెలకొల్పిరి. అది 21 దినములు నడచి ఆగిపోయెను. మన చెత్తలో తగినంత వేడి లేకపోవుటయే అందుకు ముఖ్య కారణము. ఆసుపత్రి వ్యర్థముల వంటి వానికి కొలిమి అవసరమే. అన్నమునకు మాత్రము అది తగిన చోటు కాదు.

నిప్పునకు పగయైన నీరే వేరొక పద్ధతికి చుట్టము. గాలి చొరని తొట్టిలో ఈ పదార్థమును నీటితో కలిపి ఉంచినచో, అందులోని సూక్ష్మజీవులు రెండు జట్లుగా పనిచేయును. మొదటి జట్టు అన్నమును పులియబెట్టి ఆమ్లములుగా మార్చును. రెండవ జట్టు ఆ ఆమ్లముల నుండి మీథేను వాయువును పుట్టించును. గేదె కడుపులో జరుగునదియు ఇంచుమించు ఇదియే. తొట్టిలో పుట్టిన వాయువులో సగమునకు పైగా మీథేను. తక్కినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు. చెరువు బురదను కర్రతో కదిపినపుడు లేచు బుడగలలో ఉండునదియు ఈ మీథేనే. ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా 1776లో మజోరె సరస్సు అంచున దానిని పట్టి వెలిగించి చూచెను. మన దేశమున 1897లోనే బొంబాయి మాతుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమమునందు మురుగు నుండి ఈ వాయువును తీసి దీపములకు వాడిరి. 1960 దశకమున ఖాదీ గ్రామోద్యోగ కమిషను పేడ గ్యాసును పల్లెలకు చేర్చెను.

పేడకు బదులుగా భోజనశాల వ్యర్థమును వాడుట తరువాతి ముచ్చట. ముంబయి ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రమున డాక్టరు శరద్ కాలే ‘నిసర్గఋణ’ అను పద్ధతిని రూపొందించెను. ప్రకృతికి మనము పడిన ఋణమని ఆ పేరునకు భావము. మన హైదరాబాదులో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టునందు, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వారి పద్ధతిపై ఒక కేంద్రమును నెలకొల్పిరి. దినమునకు సుమారు 10 టన్నుల కూరగాయల చెత్త నుండి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల వాయువు లభించుచున్నవని 2021లో ప్రకటించిరి. ఆ వాయువుతో అక్కడి భోజనశాలలోనే వంట చేసిరి.

మనబోటి వారి లెక్క ఇంకను సులభము. నూరు కిలోల వంటశాల వ్యర్థము నుండి సుమారు 10 ఘనమీటర్ల వాయువు వచ్చును. అది నాలుగు కిలోలకు పైబడిన బండ గ్యాసునకు సమానము. అనగా నాలుగైదు దినములకొక 19 కిలోల బండ మిగులును. 35 డిగ్రీల వేడి ఈ సూక్ష్మజీవులకు మిక్కిలి హితము. కనుక మనలను చికాకుపరచు గోదావరి జిల్లాల ఉక్క వానికి మేలే చేయును.

మా భోజనశాల అంత పెద్దది కాదు. అయినను పేడనీళ్ళతో తొట్టిని ప్రారంభించిన నాలుగవ వారమున నీలిమంట వెలిగినది. అందరమును సంతసించితిమి. మరి పదిహేను దినములకు మంట ఆరిపోయి పుల్లని కంపు బయలుదేరినది. యంత్రము తెలిసినవారిని పిలువవలెనని నేననగా, మా వంటవాడు మూత దగ్గర వాసన చూచి, “మనిషి రానక్కర్లేదండి. దీనికి అజీర్తి చేసిందండి. నాలుగు రోజులు లంఖణం పెట్టాలండి” అనెను. అతని మాటయే నిజము. ముందటి దినములలో ఒక విందు జరిగి, నూనె, ఊరగాయ, పిండిన నిమ్మచెక్కలు అన్నియు ఒక్కసారిగా తొట్టిలో పడినవి. మొదటి జట్టు పుట్టించిన ఆమ్లమును రెండవ జట్టు తినలేకపోయినది. కొన్ని దినములు మేత మాని, కొంచెము సున్నపు నీరు, పేడనీళ్ళు పోయగా తొట్టి కోలుకొనెను.

రెండవ చిక్కు అంతకంటె పెద్దది. అన్నములోని ప్లాస్టిక్ సంచులు, ఎముకలు, కొబ్బరిచిప్పలు ఏరు పనిని మేము పాత్రలు తోము ఆమెకు అప్పగించితిమి. పది దినములు ఏరిన పిమ్మట ఆమె నా బల్ల ఎదుట నిలిచి, “తినేది రెండొందల మందండి బాబూ, ఏరేది నేనొక్కత్తినేనా అండి?” అని అడిగినది. నాకు సమాధానము దొరకలేదు. కొలిమి ఉన్ననాడు మా ఎంగిలిని పొగ కప్పినది. తొట్టి వచ్చిననాడు ఆమె చేతులు కప్పినవి. ఎంగిలి మాదే యని మాకు తెలియకుండుట మాత్రము మారలేదు.

మరునాడే చేతులు కడుగుకొను చోట మూడు బాల్చీలు పెట్టించితిమి. ఒకటి అన్నము కూరలకు, ఒకటి ఎముకలకు చిప్పలకు, ఒకటి కాగితములకు సంచులకు. ఎవరి పళ్ళెము వారు దులుపుకొనవలెనని నియమము. పై అధికారులును ఆ వరుసలోనే నిలిచిరి. అప్పుడొక వింత జరిగినది. తాను విడిచిన అన్నమును తన చేతితో బాల్చీలో వేయవలసివచ్చిన మనిషి మరునాడు తక్కువ వడ్డించుకొనసాగెను. వాయువు కొంత తగ్గినది. బియ్యపు ఖర్చును తగ్గినది. ఇట్టి తగ్గుదలకు ఎవరు విచారింతురు?

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగింతును. తినదగిన అన్నము మిగిలినచో అది మొదట ఆకలిగొన్న మనిషికి, పిదప పశువునకు, ఆ తరువాతనే తొట్టికి. మీథేను గాలిలో కలిసినచో భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువుకంటె ఎన్నో రెట్లు బలమైనది. కనుక గొట్టములు కారకుండ చూడవలెను. తొట్టి దగ్గర నిప్పు వెలిగింపరాదు. శుభ్రపరచుటకని ఎవ్వరిని అందులోనికి దింపరాదు. ఆ గాలి ప్రాణములు తీయును. తొట్టి నుండి బయటికి వచ్చు నీరు మాత్రము మంచి ఎరువు. కాల్చినచో గాలిలో కలిసిపోవు నత్రజని ఇందులో నిలిచియుండును. తాండవ ఒడ్డున తమలపాకు తోటలు, మామిడి తోటలు పెంచు మనకు దాని విలువ చెప్పనక్కరలేదు. మా పాత కొలిమి ప్రక్కన ఆ నీటితోనే ఆనప పాదు కాచినది.

తడి చెత్తను పుట్టినచోటనే వేరుచేయవలెనని, చెత్తను బయట తగులబెట్టరాదని కేంద్రప్రభుత్వము 2016లోనే నియమములు చేసినది. తొట్టిని కొనుటకు సొమ్ము చాలును. దానిని నడుపుటకు మాత్రము భోజనము చేయు ప్రతి ఒక్కరి చేయి కావలెను. రేపు మీరు పనిచేయు చోట భోజనమైన పిమ్మట, మీ పళ్ళెములోని మెతుకు ఎక్కడికి పోవుచున్నదో, దానిని ఎవరు ఏరుచున్నారో ఒక్కసారి వంటశాల వెనుకకు వెళ్ళి చూడుడు.