అడగని వాళ్ల అభిప్రాయం ఏ లెక్కలోకి?



ప్రజాభిప్రాయం, ప్రజాభిప్రాయం అని పాలకులు రోజూ జపం చేస్తారు. ఏ ప్రజలు? ఎవరి అభిప్రాయం? జవాబు కావాలంటే ఒక్కసారి అమలాపురం వైపు చూడండి.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. అంబేడ్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు అడిగాయి. మే 18న ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలు, సలహాలు ఉంటే 30 రోజుల్లో కలెక్టరుకు రాసివ్వమంది. రాసివ్వాలట! కొబ్బరి దింపు కార్మికుడు, పీచు తీసే కూలి ఆడబిడ్డ, రాజోలు నుంచి కువైట్ వెళ్లి పరాయి ఇళ్లలో అంట్లు తోముతున్న తల్లి... వీళ్లలో ఎవరు కలెక్టరాఫీసు మెట్లెక్కి కాగితం ఇవ్వగలరు? గడప దగ్గరకొచ్చి అడగడం వేరు, గడువు పెట్టి రమ్మనడం వేరు.

ఆ గడువైనా సాగనిచ్చారా? ఆరు రోజులకే, మే 24న, అమలాపురం భగ్గుమంది. మంత్రి పినిపె విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు కాలిపోయాయి. పాత పేరే ఉండాలన్న వాళ్లకూ రాసిచ్చే హక్కు ఉంది. నిప్పు పెట్టే హక్కు ఎవరిచ్చారు? రాయి పట్టుకున్నవాడి కోపమే కోనసీమ అభిప్రాయంగా చలామణి అయింది. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం మూడూ ఎస్సీ రిజర్వుడు స్థానాలు. ఆ పేరు తమదనుకున్న వాళ్లూ ఆ గడ్డ మీదే ఉన్నారు. నోరు తెరిస్తే రేపు కూలి దొరకదని భయపడేవాడి మౌనాన్ని ఏ ఖాతాలో రాస్తారు?

పుకార్లు ఆపడానికని ఇంటర్నెట్ కట్టేశారు. ఇంటి నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్టుకు పరుగెత్తారు. జూన్ 24న మంత్రివర్గం అంబేడ్కర్ పేరునే ఖాయం చేసింది. మంచిదే. కానీ తగలబెట్టాక వచ్చిన నిర్ణయం కంటే, ముందే వాడవాడా తిరిగి విని తీసుకున్న నిర్ణయానికి బలం ఎక్కువ.

ఇప్పుడేమో ఫోన్ సర్వేలు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము వాడుకునే సెల్‌ఫోన్ ఉన్న మహిళలు సగం లోపే. ఫోన్ మగాడి జేబులో ఉంటే నొక్కేది ఎవరి వేలు? పైగా నంబరు వాళ్ల చేతిలో ఉంటుంది. పింఛను మీద బతికే ముసలమ్మ, బదిలీకి జడిసే గుమాస్తా మనసులో మాట చెబుతారా? డబ్బు ఎవరిదో, జవాబు ఎక్కడికి పోతుందో చెప్పకుండా అడిగితే అది సర్వే కాదు, కూపీ లాగడం.

మనకిది కొత్తా? 2010లో శ్రీకృష్ణ కమిటీ జిల్లాలు తిరిగి విన్నపాలు తీసుకుంది. ఎనిమిదో అధ్యాయాన్ని మాత్రం సీల్డ్ కవర్లో దాచింది. విన్నపాలిచ్చిన జనానికే తెలియకుండా! 2011లో హైకోర్టు దాకా పోతేగానీ ఆ గుట్టు రట్టు కాలేదు.

మేము విలేకరులం. సర్వేల కట్టలు మా బల్లల మీదకూ వస్తాయి. ఎంతమందిని, ఎక్కడ, ఎలా అడిగారో, ఖర్చు ఎవరిదో తేల్చకుండా అచ్చు వేయకూడదని మేము పట్టుబడుతున్నాం. కొత్తపేటలోనైనా కరీంనగర్‌లోనైనా సర్వేకి వచ్చినవాణ్ణి మీరూ నిలదీయండి: మా వాడ దాకా వచ్చావా, సెంటర్లో టీ కొట్టు దగ్గరే ఆగిపోయావా?