రక్తమందలి కావలివారు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

  

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనచేత కావ్యములను, పురాణములను చదివించినది. నేడు నేను మనలో ఎవ్వరును బిగ్గరగా పలుకనొల్లని విషయమును గూర్చి విన్నవింపదలచితిని. హెచ్.ఐ.వి. సోకినవారి దేహమున మఱియొక వైరసు కూడ చేరినచో రక్తమందలి రక్షకకణములకు ఏమగును అనునదియే ఆ విషయము. నేను వైద్యుడను గాను. పద్దులు వ్రాసి జీవించువాడను. చదివి తెలిసికొన్నంత మాత్రమే చెప్పెదను.

ఇది మనకు దూరదేశపు వార్త కాదు. మన దేశమున హెచ్.ఐ.వి. మొదట బయటపడినది 1986లో. మద్రాసున డాక్టరు సునీతి సోలమన్ మార్గదర్శకత్వమున సెల్లప్పన్ నిర్మల అను విద్యార్థిని సేకరించిన రక్తపు నమూనాలను వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షించిరి. మన చిత్తూరువారు జబ్బు చేసిననాడు బస్సెక్కి పోవు వేలూరే అది.

మన రక్తమందలి తెల్లకణములు కావలివారు. వానిలో సి.డి.4 అనునవి సహాయకులు. శత్రువును గుర్తించి తక్కిన కణములకు కబురంపి బలమిచ్చును. సి.డి.8 అనునవి యోధులు. వైరసు దూరిన కణమును వెదకి చంపును. ఆరోగ్యవంతుల రక్తమున ఒక ఘన మిల్లీమీటరునకు సి.డి.4 కణములు సుమారు 500 మొదలు 1500 వఱకు ఉండును. హెచ్.ఐ.వి. ఆ సహాయకులనే పట్టి, వాని లోపలనే తన సంతతిని పెంచుకొని, వానిని నశింపజేయును. లెక్క 200కు దిగువకు పోయినచో ప్రమాదము.

భారతమందలి పద్మవ్యూహ ఘట్టమును మీరెఱుగుదురు. అభిమన్యుడు లోన చొచ్చెను. వెంట వచ్చు పాండవులను సైంధవుడు వాకిటనే నిలిపివేసెను. బాలుడు శౌర్యము లేక కూలలేదు, సహాయమందక కూలెను. హెచ్.ఐ.వి. చేయునది సైంధవుని పనియే. వాకిలి మూసిన పిదప లోపల పొడుచువారు వేఱే ఉందురు.

వారిలో ఒకటి కాలేయమును పట్టు హెపటైటిస్ బి. ఇదియు హెచ్.ఐ.వి. వచ్చు త్రోవలనే, అనగా రక్తమువలన, సంపర్కమువలన, తల్లినుండి బిడ్డకు వచ్చును. కనుక రెండును ఒకే దేహమున కలియుట వింత కాదు. ఆరోగ్యవంతులైన పెద్దలలో నూటికి తొంబదిమందికి పైగా ఈ వైరసును తమంతట తామే వెడలగొట్టుదురు. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ఆ శక్తి తగ్గును. సి.డి.8 యోధులు విరామము లేక పోరి పోరి అలసిపోవును. బ్రతికియే ఉండును గాని చంపజాలవు. కాలేయము త్వరగా గట్టిపడును.

రెండవది సైటోమెగలో వైరసు. మన దేశమున పెద్దలలో చాలమంది దేహములలో ఇది నిద్రించుచునే ఉండును. దానిని అణచియుంచుటకే సి.డి.8 కణములలో పెద్దభాగము వినియోగపడుచుండును. హెచ్.ఐ.వి. తోడైనచో ఆ భాగము మఱింత పెరుగును. మందులవలన సి.డి.4 కోలుకొన్నను రెంటి నిష్పత్తి తఱచుగా సరిపడదు. మొత్తము చూడ నిండుగానే కనబడును. కాని అది ఒకే ఖాతాకు ఖర్చు వ్రాయబడిన ధనము. అంతియే గాక, రెండవ వైరసు రేపిన కలకలమునకు మేల్కొన్న సి.డి.4 కణములే హెచ్.ఐ.వి.కి సులువుగా లోబడును.

ఇదంతయు భయపెట్టుటకు చెప్పలేదు. సైంధవుని తొలగించు మందులున్నవి. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము వానిని ఉచితముగా ఇచ్చుచున్నది. తిరుపతి రుయా ఆసుపత్రిలోను లభించును. నేడిచ్చు మాత్రలలోని టెనోఫోవిర్, లామివుడిన్ అను మందులు హెచ్.ఐ.వి.ని, హెపటైటిస్ బి.ని కూడ అణచును. ఇందు మఱువరాని మాట యొకటి: రెండు వైరసులున్నవారు ఆ మాత్రలను మానినచో అణగియున్న కాలేయవ్యాధి భగ్గున లేచును, ప్రాణాపాయమును కలుగవచ్చును.

మాత్ర మానుటకు కారణమెవరు? తఱచుగా మనమే. గంగజాతరకు బంధువులు నిండిన యింట మాత్రల సీసా తీయ వెఱచి, నాలుగు దినములని ఊరకుండి, నాలుగును నలువదిగా పెరుగనిచ్చువారుందురు. కలిసి భుజించినను, చేయి పట్టుకొన్నను హెచ్.ఐ.వి. అంటదు. 2017 నాటి చట్టము వారిపట్ల వివక్షను నిషేధించినది. చట్టము కన్న ముందు మన నాలుక అదుపున ఉండవలెను.

కావున నా మనవి. హెచ్.ఐ.వి. ఉన్నవారు హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకొనవలెను. బి సోకనివారు వైద్యుని సలహాతో టీకా వేయించుకొనవలెను. వైద్యుని అడుగక మాత్ర మానరాదు. తక్కిన మనమందఱము, సహాయము అందకుండ వాకిట నిలుచు సైంధవులము కాకుందుము గాక!