రేపటి గురువులు నేటి విద్యార్థులే



తెలుగు మాధ్యమ పాఠశాల డెబ్బయి అయిదేళ్లు నిలిచిందంటే, తరం వెంట తరం ఉపాధ్యాయులు లభించారన్నమాట. తరువాతి తరం ఎక్కడినుండి వస్తుందన్నదే నేడు ఆలోచించవలసిన విషయం.

భాషాల్పసంఖ్యాకుల హక్కులకు లోటు లేదు. పాఠశాలలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది పిల్లలుంటే వారి మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలన్నది. అయితే చట్టం ఉపాధ్యాయ పదవిని ఇవ్వగలదు గాని, ఉపాధ్యాయుని కనిపెంచలేదు. అర్హుడైన అభ్యర్థి లేనిచోట ఖాళీని నింపమని అడిగే గొంతుకు బలమెక్కడిది?

పదవ తరగతి ముగించిన విద్యార్థికి ప్లస్ టూ రెండేళ్లు, ప్రాథమిక విద్యా డిప్లొమా రెండేళ్లు. ఆపై అర్హత పరీక్ష. ఉన్నత పాఠశాలలో బోధించాలంటే ప్లస్ టూ తరువాత సాధారణంగా పట్టానికి మూడేళ్లు, బి.ఎడ్.కు రెండేళ్లు. కనుక ఒక ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసిననాడు వెదకడం ఆరంభిస్తే, నాలుగు నుండి ఏడేళ్లు ఆలస్యమైనట్లే.

స్థానిక విద్యార్థికి మరొక యోగ్యత ఉంది. హోసూరు ప్రాంతపు తెలుగు బిడ్డ ఇంట తెలుగు, సంతలో కన్నడం వింటూ పెరుగుతుంది. తమిళనాడులో 2006 నాటి చట్టం తరువాత బడిలో తమిళమూ తప్పనిసరి అయింది. పిల్లవాడు ఏ మాటవద్ద తడబడుతున్నాడో, ఎందుకు తడబడుతున్నాడో ఆ దారిన నడిచివచ్చిన వారికే త్వరగా తెలుస్తుంది. గ్రామీణ విద్యార్థులకు, విశేషించి బాలికలకు, ఉపాధ్యాయ విద్యలో వేతనాలిచ్చి స్వస్థలంలోనే ఉద్యోగ ప్రాధాన్యం కల్పించాలని 2020 జాతీయ విద్యావిధానం సైతం సూచించింది.

ఇందుకు పెద్ద సన్నాహం అక్కరలేదు. తొమ్మిదవ తరగతి పిల్లలు వారానికొక గంట మూడవ తరగతివారికి కథ చదివి వినిపించాలి. లెక్క చేసి చూపాలి. గురువు వెనుక కూర్చుండి మార్కులను గాక, ఓర్పును గమనించాలి. ఆసక్తి గలవారి తల్లిదండ్రులతో మాట్లాడాలి. శిక్షణ రుసుము, పుస్తకాల వ్యయం పూర్వ విద్యార్థులు భరించాలి. ఉద్యోగం తథ్యమని ఎవరూ వాగ్దానం చేయరాదు; ఎవరినీ బలవంతపెట్టరాదు. నియామకాలకై పెద్దలు ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉండాలి.

శతవార్షికోత్సవానికి ఇంకా ఇరవై అయిదేళ్లున్నవి. నేడు పదిహేనేళ్ల బాలికకు ఆనాటికి నలభై ఏళ్లు. నాటి సభలో గురుపీఠం అలంకరించవలసిన ఆమెను గుర్తించే బాధ్యత నేటి పెద్దలది.