వంతు నీరు

(ప్రసంగ పాఠం)



పరస్పర గౌరవాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని ధర్మకర్తలు కోరారు. పెద్దలు కనబడితే లేచి నిలబడడం, పేరు చివర 'గారు' చేర్చి పిలవడం మనకు చిన్ననాటి నుండి అలవాటే. అది మంచి అలవాటు. అయితే ఎదుట ఉన్నవారిని గౌరవించడం సులభం. వారు మనలను చూస్తూ ఉంటారు గనుక. మన కంటికి కనబడకుండా మనకు దిగువన ఉన్నవారిని గౌరవించడం కష్టం. దానికి మన డెల్టా రైతులు ఒక చిన్న మాట పెట్టుకొన్నారు. ఆ మాట 'వంతు'.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి జలం కాలువలుగా మన పొలాలకు వచ్చింది. పడమటి ఒడ్డున విజ్జేశ్వరం వద్ద బయలుదేరిన నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు మీదుగా ఏలూరు కాలువలో ఇంతదూరం వస్తుంది. విజయవాడ వైపు నుండి కృష్ణ నీటిని తెచ్చే కాలువకు కూడా ఏలూరు కాలువ అనే పేరు. రెండు నదుల నీటినీ చూచిన పట్టణం మన ఏలూరు.

సార్వాలో నీటికి లోటుండదు గనుక అప్పుడు మనుషుల మంచితనానికి పరీక్ష కూడా ఉండదు. పరీక్ష దాళ్వాలో వస్తుంది. గోదావరి సన్నగిల్లుతుంది. పైనుండి సీలేరు నీటిని వదలినా అందరికీ ఒకేసారి చాలదు. అప్పుడు వంతులవారీ విధానం పెడతారు. కొన్ని రోజులు ఎగువ తూములు మూసి దిగువకు నీరు వదలుతారు. తరువాత దిగువవారు ఆగుతారు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కాని తన చేను బీటలు వారుతున్నప్పుడు, గట్టు పక్కనే నిండుగా పారుతున్న కాలువను చూస్తూ చేతులు కట్టుకొని కూర్చోవడం మాటలు కాదు. రాత్రివేళ తూము తలుపు ఒక జానెడు ఎత్తితే ఎవరు చూస్తారు? ఒక ఆయిల్ ఇంజన్ దింపితే ఎవరు అడుగుతారు? ఎగువన పదిమంది అలా అనుకొంటే శివారు భూమిలో వరి సరిగ్గా పొట్టదశలో ఎండుతుంది. కోతనాటికి కంకిలో మిగిలేది తాలు. ఆ శివారు రైతు పేరు ఎగువవానికి తెలియదు, ముఖం తెలియదు. తెలియని ఆ మనిషి కోసం తన తూము మూసుకొని ఇంటికి పోయిన రైతు, నా దృష్టిలో, ఆ రోజుకు ఒక ఉపవాసం చేసినట్టే.

ఈ ఏర్పాటును కాచేవాడు లస్కరు. కాలువ గట్టు వెంట రాత్రీపగలూ నడిచి, తలుపులు చూచి, గండి పడే చోటును ముందే కనిపెట్టి, ఇరువైపులా మాటలు పడే చిరుద్యోగి. ఇంజనీరు వస్తే కుర్చీ వేసే ఆసామి లస్కరును మాత్రం 'ఒరేయ్' అని పిలుస్తాడు. 1997లో నీటి సంఘాలకు చట్టం వచ్చింది, ఎన్నికలు వచ్చాయి. ఆ పిలుపును మార్చే చట్టం మాత్రం రాలేదు. అది మనమే మార్చుకోవాలి.

దేవాలయంలో కూడా ఈ వంతు ఉన్నది. అన్నదాన సత్రంలో మొదటి పంక్తి లేచేవరకు రెండవ పంక్తి వేచి ఉంటుంది. వడ్డించేవారు అందరికన్నా చివర తింటారు. గోడమీద పాలరాతి ఫలకంపై దాత పేరు చెక్కిస్తాము. అది తప్పు కాదు, మరొక దాతకు ప్రేరణ కలుగుతుంది. కాని మన ఇంటి సాంబారులోని ఉల్లిపాయను తలచుకోండి. కర్నూలు నుండో మహారాష్ట్ర నుండో లారీలో తాడేపల్లిగూడెం మార్కెట్టుకు దిగింది. అక్కడ ముఠా కూలీలు వీపులమీద బస్తాలు మోశారు. తెల్లవారకముందే ఆ పని మొదలవుతుంది. నలభై ఏళ్లకే నడుము వంగుతుంది. వారి పేర్లకు ఏ గోడా చాలదు, నిజమే. కనీసం వారు దర్శనానికి వచ్చిననాడు, చెమట చొక్కా చూచి క్యూలో పక్కకు జరుగకుండా ఉండగలము.

ఇక అందరికన్నా దిగువన ఉన్నది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అక్కడికే చేరుతాయి. మన పొలాలలో చల్లిన మందు, మన వీధి మురుగు కూడా వాటితోనే వెళ్తాయి. తమ్మిలేరు ఏలూరును రెండు పాయలుగా చుట్టి కొల్లేటిలో కలుస్తుంది. అందులోనికి ఒక సంచి విసిరినవాడు దాన్ని మరచిపోతాడు. లంక గ్రామంలో దోనె మీద వల లాగేవాని చేతికి అది తగులుతుంది. చుట్టూ నీరున్నా తాగేనీటికి ఇబ్బంది పడే ఊళ్లు అవి.

ఆ జనం పడిలేచిన తీరు చూడండి. 1970లలో ప్రభుత్వమే మత్స్యకార సంఘాలకు సరస్సులో చేపల చెరువులకు భూములిచ్చింది. తరువాత చెరువులు హద్దులు దాటి పెరిగాయి. లీజులు పట్టి లాభం తీసినవారిలో బయటివారెందరో ఉన్నారు. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో చెరువు గట్లను పగులగొట్టారు. నీరు పారడానికి, పక్షులకు అది అవసరమే. కాని బయటివారు పెట్టుబడి మరొకచోటికి మార్చుకొన్నారు. సరస్సువారికి వెళ్ళే చోటు లేదు. కొందరు వలసపోయారు. మిగిలినవారు మళ్ళీ మావులు, వలలు సరిచేసుకొన్నారు, కూలికి వెళ్ళారు, పిల్లలను బడికి పంపారు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరకు వారి ఊళ్ళకే వచ్చింది. పట్టణంలో నీరు తీసిన తరువాత వార్తలు తగ్గాయి. లంకలలో మాత్రం నీరు అంత త్వరగా తీయలేదు. ఉప్పుటేరు ఒక్కటే దారి, సముద్రం సుమారు అరవై కిలోమీటర్ల దూరం.

వారి ఓర్పును మెచ్చుకోవడం మనకు సులభం. ఓర్చుకోవలసిన భారంలో కొంత మనము పంపినదే కదా అన్నది నా మాట.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు మీలో చాలామంది వెళ్తారు. పూర్వం పడవలమీద వెళ్ళేవారు. ఈసారి తీసుకువెళ్ళిన సీసాలు, సంచులు, విస్తళ్లు తిరిగి మీ బండిలోనే తెచ్చుకోండి. దారిలో పెద యడ్లగాడి వంతెన దగ్గర ఒక నిమిషం ఆగి, నీరు ఎటునుండి వస్తున్నదో పిల్లలకు చూపించండి. అక్కడ వల విప్పుతున్నవారెవరైనా కనబడితే, ఈ ఏడు నీరు ఎలా ఉన్నదండీ అని అడగండి. వారు చెబుతారు.