యంత్రమునకు లక్షణ పరీక్ష



బడిలో వ్యాకరణము చెప్పి విశ్రమించిన పంతులుకు కంప్యూటరుతో నేమి పని యని మీ రడుగవచ్చును. శబ్దము నెఱుఁగుటకైనను, యంత్రము నెఱుఁగుటకైనను లక్షణమే యాధారము. కావుననే యీ ప్రసంగమునకుఁ బూనుకొంటిని.

మీ యూరి బ్యాంకులోని కంప్యూటరునకు ప్రాసెసరు మెదడు వంటిది. దానికి సూటిగా నాజ్ఞ లిచ్చు భాషకు అసెంబ్లీ యని పేరు. ఇంటెల్ సంస్థవారు 1978లో 8086ను, 1982లో 80286ను, 1985లో 80386ను, 1989లో 80486ను వెలువరించిరి. క్రొత్త తరము పాత యాజ్ఞలను పాటించును; పాత తరము క్రొత్తవాని నెఱుఁగదు. తెలియని యాజ్ఞ యిచ్చినచో 80286 మొదలు ప్రాసెసరు తన యశక్తిని దెలుపును, కార్యక్రమము సాధారణముగ నచ్చటనే నిలిచిపోవును. 8086 ఆ హెచ్చరికయు నీయదు. కనుక పని యప్పగింపకమునుపే పరీక్ష యావశ్యకము.

మొదటి పద్ధతి యనుమానము. పొగను జూచి నిప్పు నూహించుట. ప్రాసెసరులో ఫ్లాగుల రిజిస్టరను గళ్ల వరుస యొకటి కలదు. గళ్లను సున్న మొదలుగ లెక్కింతురు. 12 మొదలు 15 వఱకుఁగల గళ్లలో నేమి వ్రాసినను 8086లో ఒకట్లే కనఁబడును. 80286 రియల్ మోడులో నున్నపుడు సున్నలే కనఁబడును. 80386లో 12 మొదలు 14 వఱకు వ్రాసినది వ్రాసినట్లుండును. 18వ గడి 80386లో మాఱదు, 80486లో మాఱును.

రెండవ పద్ధతి శబ్ద ప్రమాణము, యంత్రమునే యడుగుట. 1993 నాఁటి పెంటియముతో సి.పి.యు.ఐ.డి. యను నాజ్ఞ వచ్చెను. తరువాతి 80486లు కొన్నిటియందును గలదు. 21వ గడిని మార్చుటకు వీలైనచో ఆ యాజ్ఞ కలదని యర్థము. సున్న సంఖ్యతో నడిగినచో తయారుచేసినవారి పేరు పండ్రెండక్షరములలోఁ జెప్పును. ఒకటి సంఖ్యతో నడిగినచో తరమును, నమూనాను, శక్తులను జెప్పును. ఈడీఎక్స్ రిజిస్టరులో 23వ గడి ఎం.ఎం.ఎక్స్.కును, 25వది ఎస్.ఎస్.ఇ.కిని గుర్తు. ఎ.వి.ఎక్స్. వంటి శక్తికి ప్రాసెసరు మాట యొక్కటియే చాలదు. ఆపరేటింగ్ సిస్టము సమ్మతియు నుండవలెను. పండితుఁడు బడిలో నున్నను, ప్రధానోపాధ్యాయుఁ డనుమతింపక పాఠము సాగదు గదా!

ఇచట ధర్మసూక్ష్మ మొకటి కలదు. కొందఱు శక్తి నడుగక పేరునే చూతురు. ఇంటెల్ వారి కంపైలరు సిద్ధపఱచిన కార్యక్రమములు, శక్తి యున్నను పేరు వేఱైనందున నితరుల ప్రాసెసర్లను మందమార్గమునఁ బెట్టుచున్నవని యాక్షేపణ కలిగెను. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషనుతో 2010లో జరిగిన యొడంబడికలో, ఆ భేదమును వాడుకదార్లకుఁ దెలుపవలెనని నిర్ణయమాయెను.

కావున ప్రోగ్రాములు నేర్చు మీ మనుమలకు నా మనవి యొక్కటే: వంశనామము నడిగి యూరకుండకుఁడు, కావలసిన విద్య కలదో లేదో యడిగి, లేనిచో పాతదారిని పని నడపుఁడు. అప్పుడు పాత యంత్రము గల పేదవాని పనియు నాగదు.