సీమకు సముద్రముతో నేమి పని?

(పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



కర్నూలు, కడప మండలములవారికి సముద్రముతో నేమి పనియని మీలో కొందరు తలంపవచ్చును. మనమెరిగినవి నల్లరేగడి చేలు, ఎండిన చెరువులు, పెన్నలోని యిసుక మేటలు. కాని మన చేలపై బడు వానకు మూలము సముద్రమే. నైరృతి ఋతుపవనము అరబ్బీసముద్రపు తేమలో నధికభాగమును పడమటి కనుమలపైనే కురిపించి, మిగిలినదానిని మాత్రమే మనకు దెచ్చుచున్నది. ఆ లోటును బంగాళాఖాతమున బుట్టు అల్పపీడనములును వాయుగుండములును తీర్చవలెను. అవి తప్పినచో కరవు, మితిమీరినచో ముంపు.

1876 మొదలు 1878 వరకు మన సీమను మాడ్చిన ధాత కరవును పెద్దలు మరువలేదు. పసిఫిక్ మహాసముద్రపు నీరు అసాధారణముగా వేడెక్కుటకును ఆ యనావృష్టికిని సంబంధము కలదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. దానినే ఎల్ నినో యందురు. 2009వ సంవత్సరమున నట్టిదే సంభవించి, దేశమున నైరృతి వర్షపాతము నూటికి 22 వంతులు తగ్గెను. ఆ ఋతువు ముగిసిన వెంటనే, బంగాళాఖాతపు అల్పపీడనము తెచ్చిన వానలకు తుంగభద్రయు హంద్రియు పొంగి, అక్టోబరు 2వ తేదీన కర్నూలు పట్టణము మునిగెను. ఒక్క యేటనే కరవును వరదయు చూచితిమి. పిమ్మట 2021 నవంబరు 19వ తేదీన, మరియొక వాయుగుండపు వానలకు చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట ప్రాంతపు పల్లెలు కొట్టుకొనిపోయెను.

ఆ సముద్రమిప్పుడు మారుచున్నది. బొగ్గు, చమురుల పొగవలన భూమిపై నిలిచిన అధికోష్ణములో నూటికి సుమారు 90 వంతులను సముద్రమే మ్రింగినది. గాలి యొక డిగ్రీ వేడెక్కినచో మోయగల తేమ నూటికి సుమారు 7 వంతులు హెచ్చును. కనుకనే కురిసినపుడు కుండపోతయగుచున్నది.

ఇట్లుండగా జాతీయ ప్రణాళికలో సముద్రమునకు గల స్థానమెంత? 2008లో ప్రకటించిన వాతావరణ కార్యాచరణ ప్రణాళికలో ఎనిమిది మిషనులు కలవు. సూర్యశక్తికి, నీటికి, అడవులకు, సేద్యమునకు ఒక్కొక్కటి కలదు. హిమాలయమునకును ఒకటి కలదు. సముద్రమునకు లేదు. 2022లో సవరించి ఐక్యరాజ్యసమితికి సమర్పించిన ప్రతిజ్ఞలోని లెక్కలును పొగ, విద్యుత్తు, వృక్షసంపదలను గూర్చినవే. 2021లో ఆమోదించిన డీప్ ఓషన్ మిషనున వాతావరణ సలహాసేవ యొక భాగమే గాని, జనుల నోట వినబడునది సముద్రగర్భపు ఖనిజములును, లోతునకు దిగు నౌకయు మాత్రమే.

సముద్రమును వేడెక్కించిన పాపములో పెద్దపాలు సంపన్న దేశములదేయని కొందరందురు. అది నిజము. ఆ బాకీ నడుగుట మన హక్కు. కాని బాకీ వసూలగువరకు మన కట్టలు నిలువవు. మన పని మనము చేసికొనవలెను.

మనమడుగవలసినవి మూడు. మొదటిది, సముద్రమునకు జాతీయ ప్రణాళికలో ప్రత్యేకస్థానము, దానికి తగిన ధనము. రెండవది, సముద్రపు వార్త లోతట్టు సీమలకు చేరుట. హైదరాబాదున 1999లో నెలకొల్పిన జాతీయ సముద్ర సమాచార కేంద్రము, చేపలు దొరకు తావులను, అలల తీరును జాలరులకు తెలుపుచున్నది. జాలరికి అందునంత తేటగా, సకాలమున, వాయుగుండపు వార్త చెరువుకట్ట క్రిందనున్న పల్లెకును, విత్తనము చేతబట్టిన రైతునకును అందవలదా? మూడవది, ప్రతి జలాశయపు తలుపులను ఋతువునకు ముందే పరీక్షించి, ముందస్తు హెచ్చరికననుసరించి నీరు వదలు కట్టుబాటు.

ఇవి తీరవాసుల కోరికలని యెంచి యూరకుండుట మనకు తగదు. మునిగిన కర్నూలు, తెగిన చెయ్యేటి కట్ట తీరమున లేవు. ఓటడుగ వచ్చువారిని కాలువలను గూర్చి యడుగుచున్నాము. ఆ కాలువలను నింపు సముద్రమును గూర్చియు ఇకమీదట అడుగుదము.